వానల పెట్టె

డుంబ్రిగుడ,
12-11-1987.

మేనల్లుడు బర్నబాకు అత్త సవరమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయించేది.

ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం బాగానే ఉన్నాం. నువ్వు పంపిన ధరల కాగితం చేరింది. అంతా ఇంగ్లీషే. మా సంఘంలో లెక్కలు రాసే రత్నాలు పది చదివింది కాబట్టి అదే చదివి చెప్పింది. కంప్యూటరు, అచ్చు వేసే మిషను, దాని లోపల పెట్టే ప్రోగ్రాం, మూడూ కలిపి ముప్పై ఎనిమిది వేలట. ఆ అంకె రెండుసార్లు చదివించుకున్నాను. ఆస్పత్రిలో ఆయాగా ముప్పై ఏళ్లు చేశాను, నా జీతమంతా కూడినా అంత ఉంటుందో లేదో.

క్రైస్తవ మిషను వారి ద్వారా పై దేశం నుంచి నలభై వేలు మంజూరయింది. సామాను కొనడానికి మాత్రమేనట, ఇంకో పైసా అడగొద్దన్నారు. అంటే రెండు వేలు మిగులుతుంది. నిజంగా మిగులుతుంది కదా? ఇంకే ఖర్చూ లేదు కదా? నువ్వు ఆ కంప్యూటర్లు అమ్మే కంపెనీలోనే ఉన్నావు గనక నిన్ను అడుగుతున్నాను.

నా భయం నీకు తెలియాలి. ఈ సంఘంలో నూట ఎనభై మంది ఆడవాళ్లు. పసుపు, పిప్పళ్లు, కొండచీపుర్లు తెచ్చి మా దగ్గర వేస్తారు. మేం పట్నం షావుకార్లకు అమ్మి డబ్బు పంచుతాం. పంచినప్పుడు ఒక్కొక్కరూ రెండో మూడో రూపాయలు చెక్కపెట్టె కన్నంలో వేసి వెళ్తారు. ఆ పెట్టెను వానల పెట్టె అంటాం. వానలు ముదిరి సంత సాగని రోజుల్లో ఆ డబ్బుతో బియ్యం కొని పంచుతాం. దాని తాళంచెవి నా మెళ్లో ఉంటుంది. స్నానం చేసేటప్పుడు కూడా తీయను. అలాంటి వాళ్లు నన్ను ప్రెసిడెంటును చేశారు. నేను చదివింది మిషను బళ్లో మూడో తరగతి. తప్పు జరిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంకే ఖర్చూ రాదు కదా?

సామాను లెక్క, సభ్యుల లెక్క, చెల్లింపుల లెక్క మూడూ ఆ ప్రోగ్రామే చూసుకుంటుందన్నావు. సంతోషం. ఇంకే ఖర్చూ ఉండదు కదా? బేగి జవాబు రాయి.

నీ అత్త,
సవరమ్మ

(అత్త ఇంకా చాలా చెప్పారు గాని కార్డులో చోటు లేక ఇన్‌లాండు తీశాను. ఇందులోనూ చోటు అయిపోయింది. రత్నాలు.)


విశాఖపట్నం,
20-11-1987.

ప్రియమైన అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరంలో "ఇంకే ఖర్చూ" అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టి మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. కోపం తెచ్చుకోకు. ఆ కాగితంలో రాసిన దానికంటే మా కంపెనీ ఆ సామానుకి ఒక్క పైసా ఎక్కువ తీసుకోదు. నాదే పూచీ.

మీ వైపు కొండల్లో ఇలాంటిది పెట్టిన మొదటి సంఘం మీదే అవుతుంది. మేనేజరు గారు నా పేరు రాసుకున్నారు. ఈ ఒక్క ఆర్డరు వస్తే నా ఉద్యోగం ఖాయమవుతుంది. సంతకం పెట్టి పంపించు. మోకాళ్లకు నువ్వుల నూనె రాయించుకో.

బర్నబా


డుంబ్రిగుడ,
18-1-1988.

బర్నబాకు అత్త దీవెనలు.

కంప్యూటరు వచ్చింది. కిరండూలు పాసింజరులో అరకు దాకా, అక్కడి నుంచి జీపులో. జీపు కుదుపుకి నా గుండె ప్రతి గోతిలోనూ దిగబడింది. చంటిపిల్లలా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు చూడ్డానికి వచ్చి పూలు పెట్టారు. కురిడి ఊరి సోంబారి, అదే, మా అందరిలోకీ నోరున్న మనిషి, దాని చుట్టూ తిరిగి చూసి "ఏటమ్మా ఇది, ఏటి తింతాది?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు మీ కంపెనీ మనిషి కొండబాబు వచ్చాడు. మంచివాడే. అయితే మా గోడలో ప్లగ్గు చూసి తల పట్టుకున్నాడు. ఇక్కడి కరెంటుకి ఇది పదిరోజులు బతకదట. స్టెబిలైజరు కావాలి, రెండు వేల ఎనిమిది వందలు. వేరే వైరు లాగి, బయట గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు చెయ్యాలి. అది తొమ్మిది వందలు. "అమ్మగారూ, ఇవన్నీ ముందే చెప్పలేదా మీకు?" అన్నాడు. నేను చెప్పారనే అన్నాను. చెప్పలేదంటే నీకు మాట వస్తుందేమోనని.

మిగిలిన రెండు వేలూ వీటికే పోతాయి, ఇంకా చాలవు. ఎలాగో సర్దుతాను. బర్నబా, ఇక ఇవే కదా?

సవరమ్మ


విశాఖపట్నం,
2-2-1988.

అత్తా,

పని ఒత్తిడిలో ఉన్నాను, తిట్టుకోకు. రత్నాలు ఇక్కడికి వచ్చి రెండు నెలలు నేర్చుకోవాలి. ఫీజు, హాస్టలు కలిపి పదిహేను వందలు. సాలుకి ఒకసారి మరమ్మతుల ఒప్పందం ఉంటుంది, మూడు వేల ఆరు వందలు. అది కట్టకపోతే చెడినప్పుడు ఎవరూ కొండెక్కి రారు. ఇవన్నీ మొదట్లోనే, తర్వాత ఉండవు. అంటే ఒప్పందం మాత్రం ఏటేటా ఉంటుంది.

బర్నబా


డుంబ్రిగుడ,
17-4-1988.

మేనల్లుడికి,

రత్నాలు పట్నం నుంచి వచ్చి వారం రోజులు రాత్రింబవళ్లు కూర్చుని పాత పుస్తకాలన్నీ అందులోకి ఎక్కించింది. కళ్లు ఉబ్బిపోయాయి పిల్లకి. మొన్న సంతనాడు మొదటిసారి కంప్యూటరుతో డబ్బు పంచాం. ఏం జరిగిందో రాయిస్తున్నాను. దీన్ని రాయడానికి రత్నాలుకీ సిగ్గుగానే ఉంది.

కురిడి సోంబారి మొదట వచ్చింది. రత్నాలు మీటలు నొక్కింది. అచ్చుమిషను కరకరమని చీటీ వదిలింది. వెయ్యిన్నూట నలభై రూపాయలు! సోంబారి చీటీని తిరగేసి మరగేసి, అంకె విని, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో, నాను తెచ్చినవి రెండు గంపల పసుపు గదా! నీ పెట్టెలో పడి పసుపు పిల్లల్ని పెట్టినాదేటి?"

వెనకాల అరమ సోంబారి వచ్చింది. దాని చీటీలో ఏమీ లేదు. "మరి నా పసుపు ఏటైపోనాది? ఎలక తినీసినాదా?" అని అది లబలబలాడింది. తర్వాత గసభ సోంబారి. దానికీ లేదు.

నీకు పట్నంలో ఉండి మరుపొచ్చిందేమో. ఇక్కడ సోమవారం పుట్టినది సోంబారి, గురువారం పుట్టినది గురుబారి, శుక్రవారం పుట్టినది సుక్రి. మా సంఘంలో సోంబారులే ఏడుగురు. పుస్తకం రాసినప్పుడు రత్నాలు మనిషిని చూసి పేజీ తీసేది. కురిడి, అరమ, గసభ అని ఊరు పేరైనా రాసేది కాదు, ఎందుకు, మొహం ఎదురుగా ఉంటే! కంప్యూటరు మాత్రం ఏడుగురి సరుకూ ఒక్కదాని మీద పోసింది.

"దీనికి మా మొకాలు తెలవవా గుంటా?" అంది కురిడి సోంబారి.

"తెలవవు" అంది రత్నాలు, కళ్లనీళ్లు పెట్టుకుని.

"మొకం తెలవనిదానికి మా డబ్బులు పంచే పనెందుకు ఇచ్చినారు?"

జనం గొల్లుమన్నారు. కోపంగా కాదు, సరదాగానే నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ రోజు పొద్దు వాలేదాకా కూర్చుని పాత పుస్తకాలతోనే పంచాం. కొండబాబుకి కబురు పెట్టాను. దీనికి మార్గం ఏమిటో నువ్వూ కనుక్కో.

సవరమ్మ

కింది నాలుగు ముక్కలు నా చేత్తో రాస్తున్నాను. ఫీజు, ఒప్పందం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని నువ్వు అడగలేదు. అడక్కు.


విశాఖపట్నం,
24-4-1988.

అత్తా,

మేనేజరు గారితో మాట్లాడాను. ప్రతి సభ్యురాలికీ ఒక నంబరు ఉండాలి. ఈ ప్రోగ్రాము దుకాణాల కోసం రాసింది, అందులో ఆ ఏర్పాటు లేదు. మార్చి రాయడానికి నాలుగు వేలు అవుతుందట. నేను బతిమాలితే ఐదు నుంచి దించారు. డ్రాఫ్టు తీసి పంపితే పదిరోజుల్లో కొండబాబు కొత్త ఫ్లాపీ పట్టుకుని వస్తాడు. మార్చకపోతే ఇప్పటిదాకా పెట్టినదంతా వృథా.

అత్తా, డబ్బు ఎక్కడిది? అడగొద్దన్నావు గనకే అడుగుతున్నాను.

బర్నబా


డుంబ్రిగుడ,
22-5-1988.

నాయనా బర్నబా,

ఈ ఉత్తరం రత్నాలు చేత రాయించలేదు. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, ఓపిగ్గా చదువుకో. చదివి ఎవరికీ చూపించకు.

డబ్బు వానల పెట్టెలోది.

ఫిబ్రవరిలో మొదటిసారి తీశాను. స్టెబిలైజరుకు పదిహేడు వందలు తక్కువపడింది. పసుపు అమ్మిన డబ్బు రాగానే తిరిగి వేసేద్దాం అనుకున్నాను. ఆ డబ్బు వచ్చేలోగా రత్నాలు ఫీజు వచ్చింది. దాని వెనకే ఒప్పందం వచ్చింది. ఒక్కోసారీ ఇదే ఆఖరు అనుకునే తాళం తీశాను. పెట్టె ముందు మోకరించి ప్రార్థన చేసి తీశాను. చూశావా, ప్రార్థన కూడా చేశాను. మొన్నటి నాలుగు వేలతో మొత్తం పదివేల ఎనిమిది వందలు అయింది. పెట్టెలో పడింది పదకొండు వేల రెండు వందలు. మిగిలింది నాలుగు వందలు.

ఇది కాదు నేను చెప్పాలనుకున్నది. దీనికంటే పాడుపని ఇంకోటి చేశాను.

నిండుగా ఉన్నప్పుడు ఆ పెట్టెలో రూపాయి వేస్తే డబ్బు మీద డబ్బు పడిన చప్పుడొచ్చేది. ఖాళీ అయ్యాక మే నెల మొదటి సంతలో ఒకావిడ రూపాయి వేస్తే ఠంగుమని చెక్క మీద పడింది. నేను చుట్టూ చూశాను. ఎవరూ తల తిప్పలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి నా పాత చీర ముక్క తెచ్చి, మడతపెట్టి, పెట్టె అడుగున పరిచాను. చప్పుడు రాకుండా.

అరవై రెండేళ్లదాన్ని. బాప్తిస్మం పొందినదాన్ని. ఆస్పత్రిలో రోగుల దిండ్ల కింద ఉంగరాలు దొరికితే పరుగున తీసుకెళ్లి ఇచ్చినదాన్ని. ఆ చీర ముక్క మడతపెడుతున్నప్పుడు నా చేతులు ఎంత ఒద్దికగా మడతపెట్టాయో ఇప్పటికీ మరిచిపోలేను.

వానలు ఇంకో పదిహేను రోజులు. బియ్యం ఎప్పుడని అడుగుతారు. కంప్యూటరు ఇప్పుడు బాగా పనిచేస్తోంది. ఏడుగురు సోంబారులనూ ఏడుగురిగా చూస్తోంది. అది చక్కగా చీటీలు వేస్తుంటే నాకు దాని వైపు చూడాలంటే భయం.

తప్పు నాదే. నువ్వు పంపిన కాగితం ఇంగ్లీషులో ఉందని పాస్టరు గారికి చూపించడానికి సిగ్గుపడ్డాను. ప్రెసిడెంటుకి ఇది కూడా తెలియదా అనుకుంటారేమోనని. ఆయన చూసి ఉంటే ఈ ఖర్చులన్నీ అందులో ఎక్కడో కనబడేవేమో. ఇంకెవరినీ అనడానికి లేదు. నేనేం చెయ్యను?

అత్త


విశాఖపట్నం,
30-5-1988.

అత్తకు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులూ జవాబు మొదలుపెట్టి చించేశాను.

పాస్టరు గారికి చూపించినా కనబడేవి కావు. ఆ కాగితానికి రెండోది ఉంది. "కొనుగోలుదారు వేరుగా సిద్ధం చేసుకోవలసినవి" అని పైన రాసి ఉంటుంది. స్టెబిలైజరు, ఎర్తు, మనిషికి శిక్షణ, పాత లెక్కలు ఎక్కించడం, ఏటేటా ఒప్పందం, ప్రోగ్రాములో మార్పులు, కాగితం, రిబ్బన్లు, అన్నీ ఉన్నాయి. అది నేను పంపలేదు. కవరులో పెట్టి, మళ్లీ తీసేశాను. రెండో కాగితం చూస్తే మొత్తం యాభై వేలు దాటేది. మంజూరు నలభై. నువ్వు భయపడి వద్దనేదానివి. నా ఉద్యోగం ఖాయమయ్యేది కాదు.

నువ్వు "ఇంకే ఖర్చూ లేదు కదా" అని అన్నిసార్లు అడిగినప్పుడు నవ్వామని రాశాను. నేను నవ్వలేదు. మా ఆఫీసులో ఎవరికీ చూపించనూ లేదు.

ఆ రెండో కాగితం దీంతో పంపుతున్నాను. ఈ ఆర్డరుకి నాకిచ్చిన కమీషను పన్నెండు వందలు మనియార్డరు చేశాను. వాళ్లకు ఏం చెబుతావో నీ ఇష్టం. ఈ ఉత్తరం మాత్రం చదివి పొయ్యిలో పెట్టు. నా ఉద్యోగం పోతుంది.

బర్నబా


డుంబ్రిగుడ,
19-6-1988.

బర్నబాకు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. ఎవరికీ చదివి వినిపించనూ లేదు. రెండో కాగితం ఒక్కటే తీసుకెళ్లాను.

నిన్న వానలకు ముందు ఆఖరు సంత. సన్నగా జల్లు పడుతోంది. మా సంఘం కొట్టు అరుగు మీద ఆడవాళ్లందరూ కూర్చున్నాక పెట్టె మధ్యలో పెట్టి, తాళం తీసి, మూత ఎత్తాను. చెప్పడానికి నాలుగు మాటలు అనుకుని వెళ్లాను. అవి చెప్పకముందే చీర ముక్క బయటికి తీసి పట్టుకుని నిలబడ్డాను.

కురిడి సోంబారి దాన్ని చూసి, "అది ఎప్పుడు తీత్తావో అనే చూత్తన్నాం" అంది.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలవకేటమ్మా! డబ్బు మీద రూపాయి పడితే ఒక సప్పుడు. సెక్క మీద పడితే ఒక సప్పుడు. గుడ్డ మీద పడితే అసలు సప్పుడే నేదు. ఎన్నేళ్లుగా ఏత్తన్నాం? ఆ గుడ్డ నేకపోతే ఎవలో పెద్దనోటేసి సిల్లర తీసుకున్నారనుకుందుం."

"మరి అడగలేదేం?"

"నువ్వే సెప్తావని" అంది అరమ సోంబారి. "పెసిడెంటమ్మవి గదా."

తర్వాత అంతా చెప్పాను. ఎంత తీశానో, ఎప్పుడెప్పుడు తీశానో. రెండో కాగితం రత్నాలు తెలుగులో చదివింది. ఇది ముందే ఎందుకు చదవలేదని వాళ్లడిగారు. అప్పుడు నా దగ్గర లేదన్నాను. ఎవరి దగ్గరుందని అడిగారు. అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను, నిజంగా తెరిచాను, కానీ చేతిలో ఆ చీర ముక్క ఇంకా ఉంది. నా మేనల్లుడి దగ్గర ఉందని చెప్పాను. నీ ఉద్యోగం సంగతి చెప్పలేదు.

నిన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కురిడి సోంబారి ఇలా అంది: "ఎద్దుని అమ్మినోడు మన వాకిట్లో కూకోని, అదేటి తింతాదో, ఏ నెల జబ్బు పడతాదో, కాడికి ఏ పక్క కట్టాలో నలుగురిలో సెప్పి, మొదటి మేత ఆడి సేత్తో పెట్టి ఎల్తాడు. సెప్పకుండా ఎల్లిపోనోడి ఎద్దుని మనం తోలుకోం. ఈ కంపూటరు పెట్టెకి అది జరగనేదు. నానడిగితే అందరూ నవ్వీసినారు."

అడిగింది నిజమే. జనవరిలో ఏమి తింటుందని అడిగింది. నేనూ నవ్వాను. నీకు రాశాను కూడా.

అందుకని ఆ అరుగు మీదే రత్నాలు చేత జాబితా రాయించారు. ఈ కంప్యూటరు ఇప్పటిదాకా ఏమి తింది, ఇక ముందు ఏటేటా ఏమి తింటుంది, అన్నీ. సామాను. స్టెబిలైజరు. ఉప్పూ బొగ్గూ. రత్నాలు రెండు నెలలు, దాని కళ్లు. ఒప్పందం. మార్పు. రిబ్బన్లు. నీ పన్నెండు వందలూ పెట్టెలో వేశాను. నాలుగు వందలతో కలిపి ఏడెనిమిది బస్తాల నూకలు వస్తాయి. నూట ఎనభై ఇళ్లకి పంచితే ఎన్ని రోజులు వస్తాయో నువ్వే లెక్క కట్టు. నా పెన్షను ఇస్తానన్నాను. "నువ్వేటి తింతావు మరి?" అన్నారు, కాని వద్దనలేదు. సగం తీసుకుంటారట.

జాబితా అయిపోయిందనుకుని రత్నాలు కలం మూసింది. అంతదాకా మూలన కూర్చున్న గసభ సోంబారి, "ఇంకోటుంది రాయి" అంది. దానికి నలుగురు పిల్లలు.

"మార్చిలో ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టి మొత్తం షావుకారుకి అమ్మీసినాను. తిండికని ఉంచిన చోళ్లు కూడా అమ్మీసినాను. వానల బియ్యం ఉన్నాయి గదా అనుకున్నాను. పెట్టెలో డబ్బు నేదని నువ్వు అప్పుడే సెప్పుంటే అవి అట్టేపెట్టుకుందును. అందరం అట్టేపెట్టుకుందుం. అమ్మా, నువ్వు డబ్బు తీసినందుకు నాకు కోపం నేదు. నాలుగు నెలలు సెప్పనేదు గదా, అది కూడా రాయించు. అది కూడా ఆ పెట్టె కర్సే."

రత్నాలు నా వైపు చూసింది. రాయమన్నాను. "సవరమ్మ చెప్పకుండా ఉన్న నాలుగు నెలలు" అని రాసింది. ఎదురుగా ఎంతని వెయ్యాలని అడిగింది. ఎవరూ అంకె చెప్పలేదు. ఆ గడి ఖాళీగా అలాగే వదిలేసి కింద గీత కొట్టింది.

నన్ను ప్రెసిడెంటు పని నుంచి తీసెయ్యలేదు. తీసేస్తే ఇంటికి పోయి తలుపు వేసుకుందును. తాళంచెవి మాత్రం తీసుకున్నారు. ఇక సంతకొకరి మెళ్లో ఉంటుందట. నా మెడకి ఆ తాడు గీసుకున్న చోట తడుముకోవడం ఇంకా మానలేదు.

వానలు తగ్గి సంత మొదలైన మొదటి రోజు నువ్వు రావాలి. ఇది నా మాట కాదు, వాళ్ల మాట. ఉద్యోగం పోతుందని భయపడకు, నీ కంపెనీకి ఎవరూ రాయరు. పాసింజరుకి రా. కొట్టు అరుగు మీద కూర్చుని, రెండో కాగితం మొదటి నుంచి చివరిదాకా నీ నోటితో చదవాలి. జాబితా కూడా చదవాలి. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి నేను నీ పక్కనే కూర్చుంటాను.

అత్త